ఇరవై తొమ్మిదికి రెండు దారులు

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దునే ఉన్న పర్లాకిమిడిలో ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజున ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి మాస్టర్లకు, టీచరమ్మలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

భాషా దినోత్సవం నాడు లెక్కల గురించి మాట్లాడతానంటే, పిలిచినవాళ్ళు ముందు కొంచెం తటపటాయించారు. నాకైతే ఈ ఊళ్ళో ఈ రోజున మాట్లాడాల్సింది ఇదే అనిపించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే, రాజావారి బడిలో చదువు చెప్పారు. కొండల మీది సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ళ మాటలోనే పాఠాలు రాశారు. బడిలో వినపడే మాట, ఇంట్లో పలికే మాట ఒకదానికొకటి దగ్గర కావాలని జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం కథల పుస్తకంలో చాలావరకు గెలిచింది. లెక్కల పుస్తకంలో ఇంకా గెలవలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే ఈ మాటలు.

మన పిల్లలకు కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు, ఎక్కాలు గడగడా అప్పజెప్తారు. అదే కూడికని నాలుగు వాక్యాల్లో పెట్టి ఇస్తే ఆగిపోతారు. పుస్తకం దాన్ని పద సమస్య అంటుంది. మా బడిలో పిల్లలు దానికి 'కథ లెక్క' అని పేరు పెట్టుకున్నారు. నాకు ఆ పేరే నచ్చింది. ఎందుకంటే అది ముందు కథ, తరవాతే లెక్క.

ఒక కథ లెక్క చెప్తాను. "రాజు దగ్గర 12 తాటి ముంజెలు ఉన్నాయి. అవి లక్ష్మి దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. లక్ష్మి దగ్గర ఎన్ని ఉన్నాయి?" మూడో తరగతిలో ఇది ఇచ్చి చూడండి. సగానికి సగం మంది 17 అంటారు. వాళ్ళకి కూడిక రాక కాదు, తీసివేత రాక కాదు. 'ఎక్కువ' అన్న మాట కనబడగానే కూడేశారు. అలా కూడమని ఎవరు చెప్పారు? మనమే చెప్పాం. తరగతి గోడ మీద చార్టు అంటించాం. 'మొత్తం' అంటే కూడు, 'మిగిలినవి' అంటే తీసెయ్, 'ఎక్కువ' అంటే కూడు, 'ఒక్కొక్కరికి' అంటే భాగించు. నేనూ ఏళ్ళ తరబడి ఆ చార్టు రంగు పెన్సిళ్ళతో ముచ్చటగా రాసి అంటించినవాడినే. అది పిల్లల చేత కథ చదవనివ్వదు. రెండు అంకెలు, ఒక మాట వెతుక్కుంటారు, అంతే.

ఇది మన దగ్గరే కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 97 మంది చిన్న పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" అందులో 76 మంది ఆ రెండంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. పిల్లలు తెలివితక్కువవాళ్ళని అనకండి. బడిలో ప్రశ్న అడిగారంటే జవాబు ఉండే తీరుతుందని, ఇచ్చిన అంకెలన్నీ వాడాల్సిందేనని వాళ్ళు అప్పటికే నేర్చుకున్నారు. మనం నేర్పాం.

ముంజెల లెక్క దగ్గర నేను చేసింది ఒకటే. అంకెలు తీసేసి చదివించాను. "రాజు దగ్గర కొన్ని ఉన్నాయి. లక్ష్మి కంటే రాజుకే ఎక్కువ ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, ఎవరికి తక్కువ?" అందరూ లక్ష్మికే అన్నారు. అప్పుడు అంకెలు పెట్టాను. వెనక బెంచీలో ఒక గుంటడు లేచి, "ఆడికి ఐదు ఎక్కువంటే ఈమెకి ఐదు తక్కువే కదేటి మాస్టారూ!" అన్నాడు. పుస్తకంలో భాష ఒకలా ఉంది, వాడు దాన్ని తన మాటలోకి తిప్పుకున్నాడు. అలా తిప్పుకున్నాక తీసివేతే చెయ్యాలని వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన సరిహద్దు పిల్లలకు ఇక్కడ ఒక కష్టం ఉంది, ఒక అదృష్టమూ ఉంది. ఇంట్లో తెలుగు, చాలామందికి బడిలో ఒడియా. ఇంట్లో కూడిక, బడిలో మిశాణ. ఇంట్లో తీసివేత, బడిలో ఫెడాణ. ఈ మాటలు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు, నెలలో పట్టేస్తారు. కష్టమంతా సంఖ్యల పేర్లలో ఉంది. తెలుగులో 23 అంటే ఇరవై మూడు. ముందు ఇరవై వినబడుతుంది, తరవాత మూడు. రాసేటప్పుడూ అదే వరస. ఒడియాలో అదే 23 'తేఇశి'. అందులో మూడు ముందు వినబడుతుంది. అలవాటు లేని పిల్ల మూడు ముందు రాసేసి, పక్కన రెండు పెడుతుంది. 23 కాస్తా 32 అవుతుంది. 29ని 'అణతిరిశ' అంటారు. అందులో తిరిశ వినబడి 30 అనుకుంటారు, 39 అనుకుంటారు. ఆ ఒక్క మాట దగ్గర తప్పిన పిల్లవాడు లెక్కంతా సరిగ్గా చేసినా జవాబు తప్పే. టీచరుకి మాత్రం వాడికి లెక్కలు రావనిపిస్తుంది.

ఇది కష్టం. అదృష్టం గురించి నాకు చెప్పింది కూడా పిల్లలే. ఒక సంక్రాంతి ముందు బోర్డు మీద రాశాను: "మామ్మ 64 అరిసెలు వండింది. 29 పంచిపెట్టింది. ఎన్ని మిగిలాయి?" రాసి, పద్ధతి చెప్పకుండా పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

ఒక పాప వచ్చి తెలుగులో చెప్పుకుంటూ చేసింది. "అరవై నాలుగులోంచి ఇరవై తీస్తే నలభై నాలుగు. ఇంకా తొమ్మిది తీయాలి. నాలుగు తీస్తే నలభై. ఇంకో ఐదు తీస్తే ముప్పై ఐదు." ఇరవై తొమ్మిది అన్న పేరులోనే ఇరవై విడిగా ఉంది, తొమ్మిది విడిగా ఉంది. ఆ పేరు ఎలా విడిందో లెక్కనీ అలాగే విడదీసుకుంది.

తరవాత ఒడియా మీడియంలో రెండేళ్ళు చదివి మా బడికి వచ్చిన కుర్రాడు లేచాడు. "మాస్టారూ, అణతిరిశ కదండీ. అంటే తిరిశకి ఒకటి తక్కువ. నాను ముప్పై తీసీసినాను, ముప్పై నాలుగు. ఒకటి ఎక్కువ తీసీసినాను కదా, దాన్ని ఎనక్కిచ్చీసినాను. ముప్పై ఐదు."

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏళ్ళ తరబడి ఆ మాటని పిల్లల్ని తికమక పెట్టే మాటగానే చూశాను. అందులో ఒక పద్ధతి దాగి ఉంది. ముప్పైకి ఒకటి తక్కువ అని పేరే చెప్తోంది. 29 నాలుగుసార్లు వేయాలంటే, ముప్పై నాలుగుసార్లు వేసి 120, అందులో నాలుగు తీస్తే 116. ఎక్కం అక్కర్లేదు. 39కి ఒడియా పేరు అణచాళిశ, నలభైకి ఒకటి తక్కువ. అదీ అంతే. తెలుగు పేరు సంఖ్యని విడదీసి చూపిస్తుంది, ఒడియా పేరు పక్కనున్న పెద్ద సంఖ్యతో కలిపి చూపిస్తుంది. ఒకే తీసివేతకి రెండు భాషలు రెండు దారులు వేశాయి. మన పిల్లల నోట్లో ఆ రెండు దారులూ ఉన్నాయి. తెలుగు ఒక్కటే తెలిసిన పిల్లకి అందులో ఒకటే పేరుతో వస్తుంది.

సవర పిల్లలున్న బళ్ళలో పనిచేసే మాస్టర్లు కూడా ఇక్కడున్నారు. సవరలో పన్నెండు ఒక మజిలీ, ఇరవై ఇంకో మజిలీ. పదమూడంటే పన్నెండూ ఒకటి. ముప్పై రెండంటే ఇరవయ్యీ పన్నెండూ. ఆ బిడ్డకి ముప్పై రెండులోంచి పన్నెండు తీయమని చెప్పి చూడండి. వాడి భాషలో తీసివేత అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. పదులు, ఒకట్లు అని మనం మొదలుపెట్టే ముందు, ఇంట్లో ఎలా లెక్కపెడతావని వాణ్ణి ఒక్కసారి అడగండి.

ఇప్పుడు నాకు చెప్పుకోవడానికి బాధగా ఉన్న సంగతి చెప్తాను. దాదాపు ఇరవై ఏళ్ళయింది. నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. వాళ్ళమ్మ వారపు సంతలో కూరగాయలు అమ్మేది. నేనిచ్చిన లెక్క: "365 రూపాయల సరుకులు కొని 500 నోటు ఇస్తే ఎంత తిరిగి వస్తుంది?" ఆ పాప నోట్‌బుక్కులో 365 రాసింది. పక్కన 370, దాని పక్కన 400, ఆ పక్కన 500. వాటి మధ్యలో చిన్నగా 5, 30, 100. కింద 135. జవాబు సరైనదే. అయినా నేను ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'పద్ధతి లేదు, మళ్ళీ చేయి' అని రాశాను. పైన 500, కింద 365 పెట్టి అప్పు తెచ్చుకుని చేయడమొక్కటే నా దృష్టిలో పద్ధతి.

ఆ వారం సంతకి వెళ్ళాను. ఆ పాపే అమ్మ పక్కన కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. నా ముందు ఒకాయన 500 నోటు ఇచ్చాడు. పాప తడిచేతులు గౌనుకి తుడుచుకుని, ఐదు రూపాయల బిళ్ళ ఆయన చేతిలో పెట్టి "మూడొందల డెబ్బై" అంది. మూడు పది నోట్లు పెట్టి "నాలుగొందలు" అంది. వంద నోటు పెట్టి "అయిదొందలు" అంది. ఆయన లెక్క చూసుకోకుండానే జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. లెక్క ఆయన అరచేతిలోనే జరిగింది మరి.

మర్నాడు బడిలో ఆ నోట్‌బుక్కు తీయించాను. నేను కొట్టేసిన లెక్కని తను రబ్బరుతో చెరిపేసింది. కాగితం పలచబడి వెలుతురు కనబడుతోంది. దాని మీద నేను చెప్పిన పద్ధతిలోనే మళ్ళీ చేసింది. 0లోంచి 5 పోదు కాబట్టి 5లోంచి 0 తీసి 5. అలాగే 6. 5లోంచి 3 పోతే 2. జవాబు 265. ముందు రోజు సంతలో ఒక్క రూపాయి కూడా తేడా రాని పాప, నా కోసం సరైన జవాబు చెరిపేసి తప్పు జవాబు రాసుకుంది. ఆ తరవాత ఏడాదంతా తను ఎలా చేసిందో నాకు చెప్పలేదు. అడిగితే తల దించుకునేది. ఆ ఏడాదిని నేను దానికి తిరిగి ఇవ్వలేకపోయాను.

తరవాత చాలా కాలానికి తెలిసింది, ఈ సంగతిని పరిశోధించినవాళ్ళు ఉన్నారని. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్ళు అమ్మే పిల్లల్ని ముగ్గురు పరిశోధకులు గమనించారు. 1985లో ఆ ఫలితాలు ప్రచురించారు. బేరంలో అడిగితే పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని పద సమస్యలుగా ఇస్తే నూటికి 74కి దిగింది. ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే 37. కాయ 35 అయితే పది కాయలెంత అని అడిగితే, ఒక కుర్రాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు వేస్తే 210, ఇంకో మూడు వేస్తే 315, ఇంకొకటి వేస్తే 350 అన్నాడు. పిల్లలు తక్కువే, పరిశోధన చిన్నదే. అయినా చూడండి, ఆ పిల్లలకి కథ తోడున్నప్పుడు లెక్క నిలబడింది, కథ పోగానే జారిపోయింది. మన దేశంలోనూ కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇలాంటి పెద్ద అధ్యయనమే 2025లో వచ్చింది. బజారు పిల్లలు బేరం లెక్క చేశారు, బడి లెక్క దగ్గర తడబడ్డారు. బడి పిల్లలు దానికి తలకిందులు. ఈ రెంటి మధ్యా వంతెన వేయాల్సింది మనమే.

అప్పు తెచ్చుకునే తీసివేత వద్దని నేను అనడం లేదు. పెద్ద పెద్ద అంకెలొచ్చినప్పుడు అది నమ్మకమైన పనిముట్టు, తప్పకుండా నేర్పాలి. కానీ అది చివర్లో రావాలి. చిల్లర ఇచ్చినట్టు పైకి ఎక్కుతూ చేయడం పిల్లకి వచ్చినప్పుడు, దాని పక్కన ఈ పద్ధతి పెట్టి రెండూ 135 దగ్గరే ఎందుకు కలిశాయో మాట్లాడించాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మధ్య కొన్ని బళ్ళలో ఒకే లెక్కని ఐదు పద్ధతుల్లో చేసుకురండని హోంవర్క్ ఇస్తున్నారు. పిల్లలకి అదో టెన్షన్. ఒక పిల్లకి ఒక పద్ధతి చాలు. పది మంది పిల్లలు తరగతిలో పది రకాలుగా చేసి, ఒకళ్ళది ఒకళ్ళు వింటే అదే అసలు పాఠం.

అలాంటి పాఠం ఒకటి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. "సంతలో ఒకాయన దగ్గర కోళ్ళు, మేకలు కలిపి 12 తలలు, 34 కాళ్ళు. కోళ్ళెన్ని, మేకలెన్ని?"

ఒక పాప పలక మీద పన్నెండు సున్నాలు చుట్టి, ఒక్కోదానికి రెండు కాళ్ళు గీసింది. 24 అయ్యాయి. ఇంకా పది కాళ్ళు మిగిలాయి కదా, రెండేసి చొప్పున ఐదింటికి తగిలించింది. ఐదు మేకలు, ఏడు కోళ్ళు. ఇంకొకడు ఊహతో మొదలుపెట్టాడు. ఆరు మేకలు, ఆరు కోళ్ళు అనుకుంటే 36 కాళ్ళు. రెండు ఎక్కువొచ్చాయి. ఒక మేకని తోలేసి కోడిని తెచ్చాడు. సరిపోయింది. ఇలా ఒక సంఖ్య అనుకుని దాని మీద నుంచి జవాబుకి చేరడం కొత్తదేం కాదు. 1150లోనే భాస్కరాచార్యులు దీన్ని 'ఇష్టకర్మ' అన్న పేరుతో చెప్పాడు. మూడో పిల్లవాడు మాత్రం మమ్మల్నందర్నీ ఆపేశాడు. "అన్నీ సగం కాళ్ళు ఎత్తీమని చెప్తానండి. అప్పుడు నేల మీద పదిహేడు కాళ్ళు. కోడికి ఒకటి, మేకకి రెండు. తలలు పన్నెండే కదా, ఎక్కువున్న ఐదూ మేకలవే." వాడు ఇంటి దగ్గర రోజూ కోళ్ళని చూస్తాడు. కోడి ఒంటికాలి మీద నిలబడటం వాడికి కొత్త కాదు. ఆ రోజు బొమ్మ గీసిన పాప వీడి మాట విని, తన పలక మీద ఒక్కో దానికీ సగం కాళ్ళు చెరిపి, లెక్కపెట్టి చూసుకుంది.

ఐదో తరగతికి వచ్చేసరికి తలలు, కాళ్ళ బొమ్మ సరిపోదు, అంకెలు పెద్దవవుతాయి. అక్కడ పట్టీలు గీయించండి. సింగపూర్ బళ్ళలో 1980ల నుంచి ఈ పట్టీల పద్ధతిని పాఠంలోనే పెట్టారు. "అక్కా తమ్ముళ్ళ దగ్గర కలిపి 50 రూపాయలు. అక్క దగ్గర 14 ఎక్కువ." తమ్ముడికి ఒక పట్టీ, దాని కింద అక్కకి అంతే పట్టీ, దాని కొసన 14 రూపాయల ముక్క. ఆ ముక్క తీసేస్తే 36, రెండు సమాన పట్టీలు. తమ్ముడికి 18, అక్కకి 32. తరగతిలో ఒకమ్మాయి పట్టీ గీయకుండా చెప్పింది: "చెరి పాతిక పంచేసి, తమ్ముడి దగ్గర్నించి అక్కకి ఏడు ఇప్పిస్తానండి." పద్నాలుగు కాదు, ఏడే ఎందుకని అడిగాను. "ఈడి దగ్గర ఏడు తగ్గితే ఆమె దగ్గర ఏడు పెరుగుతాయి కదండీ" అంది. ఆ వాక్యంలో బీజగణితం ఉంది.

కథ లెక్కలు మనకి బయటి నుంచి వచ్చినవని ఎవరైనా అంటే నమ్మకండి. తెలుగులో కావ్యాలు అప్పుడప్పుడే పుడుతున్న తొలి కాలంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కని తెలుగులో పాడుకున్నవాళ్ళం మనం.

ఇద్దరు ముగ్గురు చీటీలు పంపారు. ఒకరు పరీక్షల గురించి అడిగారు, పద్ధతి వేరుగా రాస్తే మార్కులు పోవా అని. పిల్ల ఏం చేసిందో వరసగా మూడు వాక్యాల్లో రాయడం అలవాటు చేయండి. 365 నుంచి 370కి 5, 400కి 30, 500కి 100 అని రాస్తే అది పద్ధతే. పేపరు దిద్దే మాస్టర్లు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళకే చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నాను.

రెండో చీటీ ఒక అమ్మ రాశారు. మా వాడు ఒడియా మీడియం, ఇంట్లో నేను తెలుగులో చెప్తే పాడవుతాడా అని. అమ్మా, మహేంద్రతనయ నది అవతలి పాతపట్నం నుంచి ఆటో ఎక్కి ఇక్కడికొచ్చి పని చూసుకుని వెళ్ళేవాళ్ళు రోజూ ఎంతమందో మీకు తెలుసు. ఆటోకి ఐదుగురు చొప్పున 38 మంది వెళ్ళాలంటే ఎన్ని ఆటోలు కావాలని మీవాణ్ణి అడగండి. '7 ఆటోలు, శేషం 3' అని రాశాడంటే బడి భాషలో చేశాడు. "మరి ఆ ముగ్గురూ నడిచెళ్తారా?" అని మీరు తెలుగులో అడగండి. వాడే ఎనిమిది అంటాడు. లెక్క ఏ భాషలో చేసినా ఫరవాలేదు. కథ మాత్రం మీ మాటలో చెప్పించండి.

ఇప్పుడు మీ చేతికి పలకలు ఇస్తున్నారు. పెద్దవాళ్ళకి కూడా. ఈ ఒక్క లెక్క చేయండి. "నాయనమ్మ పనసపండు కోసింది. తొనల్లో సగం పెద్దవాడికిచ్చింది. మిగిలినవాటిలో సగం చిన్నదానికిచ్చింది. ఇంకా ఆరు తొనలు తన దగ్గర ఉన్నాయి. మొత్తం ఎన్ని తొనలు?" బొమ్మ గీసుకోండి, ఊహించుకోండి, వెనక్కి నడవండి, మీ ఇష్టం. ఎవరూ x అనుకోవద్దు. అయిపోయాక పలక తిప్పి పక్కనున్నవాళ్ళకి చూపించండి. జవాబు కాదు, ఎలా వచ్చిందో చెప్పండి.